ఫిలిప్ మృగాలు, డెసియస్ దేవుళ్లు

ఈ రెండు వరసల వెండి నాణేలను పక్కపక్కన పెట్టి చూస్తే, నడుమ ఎడం రెండు మూడేళ్లేనంటే నమ్మబుద్ధి కాదు. మొదటివి 248లో రోము నగరానికి వెయ్యేళ్లు నిండాయని చక్రవర్తి ఫిలిప్ వేయించినవి. రెండోవి, మరుసటేడు అతన్ని వెరోనా దగ్గర ఓడించి గద్దెనెక్కిన డెసియస్ కాలానివి. ఇద్దరూ నమ్ముకున్నది గతాన్నే.

ఫిలిప్ నాణేల బొరుసు మీద సింహం, దుప్పి, మేక వంటి ఉత్సవ మృగాలు కనిపిస్తాయి. కవలలకు పాలిచ్చే తోడేలు మాత్రం నగరం పుట్టుక కథలోది. రాణి ఒటాసిలియా పేరిట వచ్చిన నాణెం మీద నీటి ఏనుగు ఉంటుంది. ఆ బానపొట్ట, పొట్టి కాళ్లు చూస్తే అచ్చు చెక్కినవాడు దాన్ని కళ్లారా చూశాడనే అనిపిస్తుంది. దానితో పాటు నాలుగు నిలువు గీతలుంటాయి. అవి టంకశాలలో ఏ విభాగం పనో చెప్పే అంకె. జాతర సంబరమూ గుమాస్తా లెక్కా ఒకే బిళ్ల మీద ఇమిడాయి.

డెసియస్ దగ్గర ఈ సరదా లేదు. అగస్టస్ మొదలు సెవెరస్ అలెగ్జాండర్ దాకా, దేవుళ్లైపోయిన 11 మంది చక్రవర్తుల తలలు వేయించాడు. బొరుసు మీద గద్ద, లేదంటే బలిపీఠం. పాత చక్రవర్తి ట్రాజన్ పేరు తనకు తగిలించుకుని, జనమంతా దేవతలకు బలులివ్వాలని శాసించినవాడి దగ్గర వేరే ఏం ఆశిస్తాం? ఎంపిక మాత్రం వింతే: క్లాడియస్ లేడు, కొమ్మోడస్ ఉన్నాడు! (సెనేట్ ఛీకొట్టినవాణ్ని సెప్టిమియస్ సెవెరస్ తర్వాత దేవుణ్ని చేశాడు లెండి.)

అసలు ఎబ్బెట్టు లోహంలో ఉంది. అగస్టస్ కాలపు డెనారియస్ అనే నాణెం దాదాపు మేలిమి వెండి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రాశిలో అతని నాణేలూ ఉన్నాయి. డెసియస్ నాణెం మీద అదే అగస్టస్, సగం కూడా వెండి లేని బిళ్ల మీద, కిరణ కిరీటం పెట్టుకుని కనిపిస్తాడు. ఆ కిరీటం రెండు డెనారియస్‌ల విలువకు గుర్తు. 215లో చక్రవర్తి కారకల్లా ఈ రెట్టింపు విలువ నాణేన్ని మొదలుపెట్టిననాడే దాని బరువు ఒకటిన్నర డెనారియస్‌కు మించలేదు. పైగా డెసియస్ కాలంలో పాత డెనారియస్‌ల మీదే కొత్త అచ్చు కొట్టడమూ జరిగింది. పూర్వులను కొలిచిన ప్రభుత్వమే పూర్వుల ముఖాలను చదును చేసింది.

ఫిలిప్ వెండీ అంతంత మాత్రమే. అయినా అతను అరువు తెచ్చుకున్నది ఊరి వయసును, ఇంకొకరి పరువును కాదు. అందుకే నా ఓటు నీటి ఏనుగుకే. అతని ప్రచారం ఎంత పారిందంటే, డాన్యూబ్ తీరాన అతని మీదే తిరగబడ్డ పకాటియన్ కూడా తన నాణెం మీద శాశ్వత రోముకు వెయ్యిన్నొకటో ఏడని చెక్కించుకున్నాడు.