టాగూర్ అనే ఓడ

కొరియా రచయిత చోయ్ ఇన్‌హున్ 1960లో రాసిన ‘గ్వాంగ్‌జాంగ్’ నవలను నేను ఇంగ్లీషు అనువాదంలో చదివాను. నలుగురూ కూడే మైదానం అని ఆ పేరుకు అర్థం. కథానాయకుడు లీ మ్యోంగ్‌జున్‌కు దక్షిణాన తలుపేసుకునే గది దొరుకుతుంది, మైదానం దొరకదు. ఉత్తరానికి పోతే మైదానమే గాని గది లేదు. యుద్ధంలో ఖైదీ అయ్యాక రెండు కొరియాలూ వద్దని తటస్థ దేశం కోరుకుంటాడు. అతనెక్కిన ఓడ మన దేశానిది, పేరు టాగూర్. ఒడ్డు చేరకముందే సముద్రంలో కలిసిపోతాడు.

దీని వెనక జరిగిన చరిత్ర మన పాఠకులు కొంత తెలుసుకోవాలి. 1953లో యుద్ధం ఆగాక, సొంత దేశానికి పోమన్న ఖైదీల సంగతి తేల్చడానికి ఐదు దేశాల కమిషన్ వేశారు. అధ్యక్షుడు మన కొడగు జనరల్ తిమ్మయ్య. స్వీడన్, స్విట్జర్లాండ్ ఒక పక్క, పోలండ్, చెకొస్లొవేకియా ఇంకో పక్క. ఇరవై రెండు వేల పైచిలుకు ఖైదీలకు మనవాళ్ళే కాపలా. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ భారత సైనికుణ్ణి తన నేలమీద కాలు పెట్టనివ్వనంటే, ఓడల నుంచి హెలికాప్టర్లలో వాళ్ళను విరామ రేఖ దగ్గరికి చేర్చాల్సి వచ్చింది. అలీన విధానాన్ని గోడమీద పిల్లివాటమనేవారు ఈ సంగతి గమనించాలి.

నవలలో నాకు నచ్చనిదొకటుంది. ఇండియాకు ముఖం లేదు. ఓడమీద పేరు తప్ప మన మనిషి గాని, ఊరు గాని మనసుకు హత్తుకోదు. అయితే ఆ శూన్యమే రచయిత చెప్పదలచిందేమో! ఎందుకంటే తటస్థత రాజ్యానికి ఒకటి, మనిషికి ఒకటి. ‘ఇద్దరూ కాదు’ అన్న మన ప్రభుత్వమే 1973 డిసెంబరులో రెండు కొరియాలతోనూ పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుని ‘ఇద్దరూ’ అనగలిగింది. మ్యోంగ్‌జున్‌కు ఆ వీలు లేదు.

ఆ ఖైదీలు మన కాపలాలో ఉండగానే, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కోలారు జిల్లా తెలుగువాళ్ళం మైసూరులోనే ఉన్నాం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, గనిలో తమిళం. మీరు ఎటువాళ్ళని అడిగితే ‘రెండూ’ అనే అలవాటు మనది. అలా అనగలగడం ఎంత పెద్ద సౌకర్యమో ఈ నవల చదివాకే నాకు తట్టింది.

నిజంగానే 88 మంది రెండు పక్షాలనూ కాదని 1954 ఫిబ్రవరిలో మద్రాసులో దిగారు. తర్వాత చాలామంది బ్రెజిల్‌కు, అర్జెంటీనాకు వెళ్ళిపోయారు. కొద్దిమంది ఇక్కడే ఉండిపోయారు.