కాలువల పేరిట గనుల చట్టం: స్టీవార్ట్ ఆత్మకథపై విమర్శ

విద్యార్థులారా, 1866 జూలై 26న అమెరికాలో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ భూముల మీదుగా కాలువలు తవ్వుకొనేవారికి దారి హక్కు ఇవ్వడం, 'ఇతర ప్రయోజనాలు' అన్నది దాని పేరు. ఆ పేరు చూసి, ఇది నీటిపారుదల విషయమని నేను చాలాకాలం పక్కన పెట్టాను. తెరిచి చూస్తే అందులో ఎక్కువ భాగం బంగారు, వెండి గనుల గురించే. నెవాడా సెనేటర్ విలియం ఎం. స్టీవార్ట్ తెచ్చిన గనుల బిల్లు ప్రతినిధుల సభలో జార్జ్ జూలియన్ అధ్యక్షుడుగా ఉన్న కమిటీ దగ్గర ఆగిపోయింది. ఆ సభ అప్పటికే ఆమోదించిన కాలువల బిల్లులోకి స్టీవార్ట్ తన గనుల నిబంధనలను ప్రవేశపెట్టి గట్టెక్కించాడు.

ఈ మనిషిని అర్థం చేసుకోవడానికి మనకు దొరికే ముఖ్య ఆధారం 1908లో వెలువడిన ఆయన ఆత్మకథ. 1850లో కాలిఫోర్నియా చేరి, నెవాడా సిటీ దగ్గర బంగారం తవ్వి, కాలువ పనిలోనూ దిగి, తరువాత న్యాయశాస్త్రం చదివి వకీలు అయ్యాడు. కథనం చురుకైనది, చదివించే గుణం గలది. అందుకే జాగ్రత్తగా చదవాలి.

స్టీవార్ట్ వాదన ఇది: చట్టం లేనిచోట గని కార్మికులే సభలు పెట్టుకొని నియమాలు చేసుకొన్నారు, కాంగ్రెస్ చేసింది వాటిని గుర్తించడమే. ఇందులో నిజం ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చిన న్యాయం ప్రకారం నీరు ఒడ్డున భూమి ఉన్నవాడిది. బంగారం కడగాలంటే వాగు నీటిని మైళ్ల దూరం మళ్లించాలి, పైగా ఒడ్డు ప్రభుత్వానిది. కనుక ముందు మళ్లించినవాడిదే హక్కు అన్న ఆచారం ఏర్పడింది. 1855లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకొంది. 1866 చట్టం తొమ్మిదవ సెక్షన్ దేశచట్టంలో చోటిచ్చింది. కృష్ణా జలాల వివాదంలో ముందునుంచి ఉన్న వాడకానికి రక్షణ అన్న మాట మీరు వినే ఉంటారు. ఆ ఆలోచనకు ఇది దగ్గరి చుట్టం.

అయితే 'ముందు' ఎవరు? నెవాడా సిటీ ప్రాంతంలో నిసెనాన్ ప్రజలు ఎప్పటినుంచో ఉన్నారు. ఆచారం లెక్క వారితో మొదలుకాలేదు. చట్టం మొదటి సెక్షన్ గనులను పౌరులకు, పౌరసత్వం కోరుతున్నట్లు ప్రకటించినవారికి తెరిచింది. ఆనాటి చట్టం ప్రకారం చైనీయులు పౌరులు కాలేరు. ఇదే స్టీవార్ట్ 1870లో చైనీయులపై వివక్షతో వేసే పన్నులను అడ్డుకొనే నిబంధన తెచ్చాడు, వారికి పౌరసత్వాన్ని మాత్రం వ్యతిరేకించాడు. ఆయనను ఒక్క రంగుతో చిత్రించడం తేలిక కాదు.

రెండవ చిక్కు ఇంకా లోతైనది. కామ్‌స్టాక్ వెండి గనుల్లో ఉన్నది ఒకే ఖనిజపు పొరా, వేర్వేరు పొరలా అన్న వివాదం వచ్చింది. ఒకటే అయితే మొదట వచ్చిన పెద్ద కంపెనీలకు అంతా దక్కుతుంది, వేర్వేరైతే తరువాత వచ్చినవారికీ చోటుంటుంది. స్టీవార్ట్ పెద్ద కంపెనీల వకీలుగా ఒకే పొర అని వాదించాడు. అంటే ఆచారాన్ని 'గుర్తించిన' సెనేటరు, దానికి అర్థం చెప్పి ఫీజు తీసుకొన్న వకీలు ఒక్కరే. 1864లో నెవాడా ప్రాంతపు న్యాయమూర్తులు రాజీనామా చేశారు. ఆ ఒత్తిడి వెనుక ముందున్నవాడు స్టీవార్ట్. వారిలో జాన్ నార్త్ పరువునష్టం దావా వేయగా, విచారించిన మధ్యవర్తులు అవినీతి ఆరోపణ నుంచి ఆయనను విముక్తుణ్ణి చేశారు. నార్త్ ప్రస్తావన వచ్చిన పుటలను ఈ తీర్పు పక్కన పెట్టుకొని చదవండి.

(సరదాకు: 1867లో మార్క్ ట్వైన్ కొద్దికాలం స్టీవార్ట్ కార్యదర్శి. ఒకరి పుస్తకంలో మరొకరికి మంచిమాట దక్కలేదు.)

అభ్యాసం: 1866 చట్టంలోని మొదటి, తొమ్మిదవ సెక్షన్లను పోల్చండి. కామ్‌స్టాక్‌లో ఆలస్యంగా క్లెయిము పెట్టిన చిన్న గనిదారు తరఫున, స్టీవార్ట్ వాదనకు జవాబు ఒక పుటలో రాయండి.