తడి ఆరీ ఆరకముందు

పుచ్చు పన్ను శుభ్రం చేయించుకుని, పంటి రంగు కాంపోజిట్ పెట్టించుకున్నాక అద్దం అందుకుని అందరం చూసేది ఒక్కటే, రంగు కలిసిందా లేదా అని. నేను మెచ్చుకోదలచిన పని ఆ రంగు కింద ఉంది. కాంపోజిట్‌ను పన్నుకు పట్టి ఉంచే బాండింగ్ పొర అది. దాని మందం మైక్రాన్లలో ఉంటుంది, వేయడానికి పట్టే సమయం నిమిషం, రెండు నిమిషాలు. అదే సీసా, అదే బ్రష్షు, అదే లైటు చేతికిచ్చినా ఇద్దరు వేసిన పొరలు ఒకేలా పట్టవు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో దగ్గరగా చూసినకొద్దీ ఈ పనితనం మీద నాకు గౌరవం పెరుగుతూనే ఉంది.

పంటికి రెజిన్ (గట్టిపడే జిగురు పదార్థం) అంటించే విద్యకు 1955లో దారి పడింది. అమెరికాలోని రోచెస్టర్‌లో పనిచేసిన మైఖేల్ బ్యూనకోర్, 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని పంటి పైపొర ఎనామిల్ మీద 30 సెకన్లు ఉంచి, అలా ఏర్పడిన గరుకుతనంలో రెజిన్ గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. ఇప్పుడు వాడే ఆమ్లం 37 శాతానికి అటూఇటూగా ఉంటుంది. ఎనామిల్ బరువులో సుమారు 96 శాతం ఖనిజమే కాబట్టి దానితో పేచీ తక్కువ. ఆమ్లం కడిగి బాగా ఆరబెడితే సుద్ద తెలుపు తేలుతుంది. ఎచింగ్, అంటే ఆమ్లంతో గరుకు చేయడం, సరిగ్గా జరిగిందనడానికి ఆ తెలుపే గుర్తు.

చిక్కంతా కింది పొర డెంటిన్‌తోనే. అందులో ఖనిజం దాదాపు 70 శాతం, మిగతాది కొలాజెన్, నీరు. పంటి గుజ్జు నుంచి బయలుదేరిన సన్నని గొట్టాలు చదరపు మిల్లీమీటరుకు వేలల్లో ఉంటాయి. వాటినిండా ద్రవమే. ఆమ్లం పడగానే పైపైన ఉన్న ఖనిజం కరిగిపోయి, కొన్ని మైక్రాన్ల లోతున కొలాజెన్ పోగుల వల ఒక్కటే మిగులుతుంది. ఆ వల సందుల్లోకి రెజిన్ దిగి అక్కడే గట్టిపడాలి. అలా రెండూ కలిసిపోయిన పొరను 1982లో జపాన్ శాస్త్రవేత్త నొబువో నకబయాషి బృందం వర్ణించింది. దాన్నే హైబ్రిడ్ లేయర్ అంటున్నారు.

ఆ వల నిలబడేది నీటి ఆసరాతో. గాలి ఎక్కువ కొడితే, నీళ్లలో విచ్చుకున్న నాచును బయటికి తీసినట్టు ముద్దకట్టేస్తుంది. ఇక రెజిన్ పైనే ఆగిపోతుంది. పోనీ అని నీరు ఎక్కువ మిగిల్చామా, రెజిన్ పలచబడి అక్కడక్కడా బుడగలు మిగులుతాయి. 1990ల మొదట్లో జాన్ కాంకా వంటివారు తడి మీదే బాండింగ్ చేయాలని గట్టిగా చెప్పారు. ఎంత తడి అంటే మాత్రం, కొలిచే పరికరమేదీ కుర్చీ పక్కన ఉండదు. ఉన్నది కన్నే.

ఒక సీనియర్ డాక్టర్ దగ్గర హౌస్ సర్జన్ ఈ పని చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. బ్రష్షు గట్టిగా రుద్దీ రుద్దీ చిగురు దగ్గర అరిగిపోయిన పన్ను అది. సగం అంచు ఎనామిల్ మీద, సగం డెంటిన్ మీద. ఆ అమ్మాయి ఆమ్లం కడిగేసి గాలి సిరంజి అందుకుంది. "సిరంజి పక్కన పెట్టమ్మా, దూది అద్దు చాలు" అన్నారు డాక్టర్. "ఎనామిల్ ఇంకా తెల్లబడలేదు మేడమ్" అంది అమ్మాయి. "దాని తెలుపు కోసం చూస్తే దీన్ని ఎండగొడతావు. డెంటిన్ మెరుస్తూ ఉండాలి, నీరు నిలవకూడదు." తడిపిన చిన్న దూది ఉండను పిండి, తుడవకుండా అద్దించారు. గుంట మూలన నిలిచిన నీరు పోయింది, మెరుపు మిగిలింది. ఆ మెరుపు ఉండగానే బాండింగ్ వేయించారు.

తరవాతి ఘట్టం కూడా తేలికైంది కాదు. ఎసిటోన్ ద్రావణిగా ఉన్న బాండింగ్ ద్రవమైతే ముందే చుక్క వేసి పెట్టుకోకూడదు, ఆవిరైపోతుంది. సహాయకురాలు సరిగ్గా అడిగిన క్షణంలో సీసా వంచాలి. మైక్రోబ్రష్‌తో పూసి వదిలేయడం వేరు, చెప్పినన్ని సెకన్లు కదుపుతూ రుద్దడం వేరు. రుద్దితే రెజిన్ లోపలికి దిగుతుంది, ద్రావణి పైకి వస్తుంది. ఆపైన గాలి, మొదట మెల్లగా, క్రమంగా గట్టిగా. పొర మీద అలలు కదులుతున్నంతసేపూ ద్రావణి ఇంకా పోలేదన్నమాట. కదలడం మానేశాకే రెజిన్‌ను గట్టిపరిచే లైటు వేయాలి. ఓపిక లేని చెయ్యి ఎక్కువగా తొందరపడేది ఇక్కడే.

ఈ తేడాలు ప్రయోగశాలకూ ఎక్కాయి. హిదెహికో సానో బృందం 1994లో, చదరపు మిల్లీమీటరు పాటి అతుకును లాగి దాని బలం కొలిచే పద్ధతిని ముందుకు తెచ్చింది. 1998లో ఆయన, సహచరులు విద్యార్థులు వేసిన అతుకునూ దంతవైద్యులు వేసిన అతుకునూ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. లైటు విషయంలో కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ ప్రైస్ చేసిన పని నాకు మరీ ఇష్టం. డమ్మీ తలలోని పళ్లలో కాంతిని కొలిచే సెన్సార్లు అమర్చి, ఎవరి చేతిలో ఎంత కాంతి చేరుతోందో చూశారు. లైటు అదే, సెకన్లు అవే, అయినా చేరిన శక్తిలో పెద్ద తేడాలు. నీలి వెలుగుకు కళ్లు తిప్పుకుంటే లైటు కొన పక్కకు జరిగిపోతుంది మరి. నారింజ రంగు అద్దాలు పెట్టుకుని, చేతిని ఆనించి, చివరిదాకా చూస్తూ పట్టుకోవడం నేర్పాక అవే చేతులు మెరుగయ్యాయి.

అనుభవమంటే ఏళ్ల లెక్క అనుకుంటే ఇక్కడ పొరబడతాం. ఎనామిల్ మీద సుద్ద తెలుపు కోసం ఆరబెట్టి ఆరబెట్టి అలవాటైన చెయ్యి డెంటిన్ మీదా అదే చేస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఆ తప్పు ఇంకా నమ్మకంగా చేస్తుంది. సెల్ఫ్ ఎచ్ రకాలు వచ్చాక విడిగా ఆమ్లం పెట్టి కడిగే పని తప్పింది, ఎంత తడి ఉంచాలన్న గండం చాలావరకు గట్టెక్కింది. అందుకని నైపుణ్యం అక్కర్లేకుండా పోలేదు. వీటిలో ఆమ్లత తక్కువైనవి ఎనామిల్‌ను అంత బాగా గరుకు చేయలేవు. అందువల్ల అంచు ఎనామిల్‌కు మాత్రమే విడిగా ఆమ్లం పెట్టేవారున్నారు. ఆ గీత దాటి డెంటిన్ మీదికి జారకుండా పెట్టడానికి మళ్లీ చెయ్యి కుదరాలి.

పైగా ఫలితం ఆ పూట తెలియదు. రెజిన్ చేరని కొలాజెన్ నెలల తరబడి, ఏళ్ల తరబడి నీటికీ, పంటిలోనే ఉన్న ఎంజైములకూ లోనై శిథిలమవుతుంది. అంచున నల్లగీత పడినప్పుడో, చన్నీళ్లు తాగితే జివ్వుమన్నప్పుడో ఆనాటి అరక్షణపు గాలి ఎవరికీ గుర్తుండదు. మెచ్చుకునేవారూ తప్పుపట్టేవారూ లేనిచోట అంత జాగ్రత్త పడటం నన్ను కదిలిస్తుంది. నేను చూసిన ఆ డాక్టర్, కొత్త రకం బాండింగ్ సీసా తెప్పిస్తే ముందు డబ్బాలో మడతపెట్టి ఉన్న కాగితాన్ని హౌస్ సర్జన్ల చేత పైకి చదివిస్తారు. పీకిన పళ్ల మీద వాళ్ల చేత వేయించి, ఆ పళ్లను నిలువునా కోయించి అతుకు ఎలా ఉందో చూస్తారు. రోగి పంటి మీద ఆ మందు వాడనిచ్చేది ఆ తరవాతే.