కోపమే బలమైన కథానాయకులు: ఒక తులనాత్మక పరిశీలన

బొమ్మల కథలకు సాహిత్య విమర్శలో చోటు ఉండాలా అన్న ప్రశ్న పాతదే. ఉండాలన్నది మా అభిప్రాయం. తెలుగు రాష్ట్రాలకు వెలుపల పుట్టి పెరిగిన మన విద్యార్థుల్లో తెలుగు పద్యం కంటే ముందు ఇంగ్లీషు కామిక్స్ చదివినవారు ఉన్నారు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అయితే వాటిని గురించి మాట్లాడేటప్పుడు ఎవరు ఎవరిని కొట్టగలరన్న వాదంతోనే చర్చ ముగిసిపోతోంది. కోపం వల్ల బలం పొందే కథానాయకుల విషయంలో ఈ ధోరణి మరీ ఎక్కువ. అమెరికన్ కామిక్స్‌లో ఈ కోవకు చెందిన హల్క్, వుల్వరిన్, షీ-హల్క్, రెడ్ లాంటర్న్‌ల బలాబలాలను ఇక్కడ పరిశీలిస్తున్నాం. కోపం ఆ పాత్రకు ఏమిచ్చింది, ఏం తీసుకుంది, కథను ఎటు నడిపింది అన్న మూడు ప్రశ్నలే మా కొలబద్ద.

ఈ పరిశీలనకు మన అలంకారశాస్త్రం బాగా పనికివస్తుంది. భరతుడు వీరరసానికి ఉత్సాహాన్నీ, రౌద్రరసానికి క్రోధాన్నీ స్థాయీభావాలుగా చెప్పాడు. యుద్ధం రెండింటిలోనూ ఉన్నా దాని వెనుక ఉన్న మనఃస్థితి వేరు. రౌద్రం రాక్షసులకూ, దానవులకూ, ఉద్ధతులైన మనుషులకూ సహజమని కూడా ఆయన అన్నాడు. అన్నిటికంటే విలువైన మాట మరొకటి ఉంది: రౌద్రం నుంచి కరుణరసం పుడుతుందని.

మన పురాణాల్లో కోపం ఖర్చు పద్దు. విశ్వామిత్రుడు రంభను శపించి, కూడబెట్టుకున్న తపస్సును పోగొట్టుకున్నాడు. అమెరికన్ బొమ్మల కథలో అదే కోపం రాబడి పద్దు. కోపం ఎంత పెరిగితే బలం అంత పెరుగుతుంది. ఈ మౌలికమైన భేదాన్ని గుర్తించకుండా ఆ కథలను మన కథలతో పోల్చడం తొందరపాటు అవుతుంది.

ముందుగా హల్క్ సంగతి. స్టాన్ లీ, జాక్ కిర్బీలు 1962లో సృష్టించిన ఈ పాత్ర మొదటి సంచికలో బూడిదరంగులో ఉండేది. ముద్రణలో ఆ రంగు నిలకడగా రాకపోవడంతో రెండో సంచిక నుంచి ఆకుపచ్చగా మారింది. మొదట్లో శాస్త్రవేత్త బ్రూస్ బానర్ రాత్రి పడగానే హల్క్‌గా మారేవాడు. కోపానికీ రూపాంతరానికీ అప్పటికి సంబంధం లేదు. ఆ పత్రిక 6 సంచికలతో 1963లో ఆగిపోయింది. 1964లో 'టేల్స్ టు ఆస్టనిష్'లో కథ మళ్ళీ మొదలైనప్పుడు ఉద్రేకానికీ మార్పుకూ ముడి పడింది. పాత్ర నిలదొక్కుకున్నది ఆ ముడితోనే. రాత్రి అందరికీ వస్తుంది. కోపం మాత్రం మనిషి లోపలి నుంచి రావాలి.

హల్క్ బలానికి హద్దు లేదంటారు పాఠకులు. ఆ బలం నిజమే, కాని కథకు అదే బలహీనత. హద్దులేని బలం ఉన్నవాడు పోరులో దిగితే ఫలితం ముందే తెలిసిపోతుంది, ఉత్కంఠ చచ్చిపోతుంది. మంచి రచయితలు ఈ చిక్కును కనిపెట్టి, కథను వీధిలోంచి బానర్ మనసులోకి మళ్ళించారు. బిల్ మాంట్లో 1985లో 312వ సంచికలో బానర్ తండ్రి చేతిలో హింసపడ్డ పసివాడని చూపించాడు. ఆ ఒక్క కథతో గామా కిరణాలు నిమిత్తమాత్రం అయిపోయాయి. కోపం అంతకుముందే అక్కడ ఉంది, బాంబు దానికి ఒళ్ళు ఇచ్చింది, అంతే. పీటర్ డేవిడ్ ఈ దారిని మరింత ముందుకు తీసుకుపోయాడు. 1991లో వచ్చిన 377వ సంచికలో బానర్, ఆకుపచ్చ హల్క్, బూడిదరంగు హల్క్ - ముగ్గురినీ ఒక్క వ్యక్తిగా కలిపాడు. గోడలు పగిలే బొమ్మల కంటే, దెబ్బలకు వెరచి ముడుచుకున్న ఆ పసివాడి బొమ్మే మనసులో నిలుస్తుంది. రౌద్రం నుంచి కరుణం పుట్టడమంటే ఇదే.

అయితే కోపానికి విచారణ చేతకాదు. గ్రెగ్ పాక్ 2007లో రాసిన 'వరల్డ్ వార్ హల్క్' ఇందుకు నిదర్శనం. హల్క్‌ను భూమి నుంచి పంపించివేసిన ఓడ పేలి, అతని భార్య కైయెరా, సకార్ గ్రహంలోని ప్రజలు మరణిస్తారు. పంపినవారే హంతకులని నమ్మి హల్క్ న్యూయార్క్ మీదికి దండెత్తుతాడు. చివరికి తేలేదేమిటంటే, ఓడ పేలబోతోందని తెలిసి కూడా మౌనంగా ఉన్నవాడు తన పక్కనే నిలిచి పోరాడిన మీక్. న్యాయమైన దుఃఖం, తప్పు చిరునామా. హల్క్ బలహీనత పిడికిట్లో లేదు, ఇలా తీర్పు చెప్పడంలో ఉంది.

వుల్వరిన్ 1974లో హల్క్‌కు ప్రత్యర్థిగానే కామిక్స్‌లో అడుగుపెట్టాడు. కోపం ఇతని కండలను పెంచదు. గాయాలు తమంతట మానే గుణం, లోహపు ఎముకలు, గోళ్ళు - ఇవన్నీ కోపం లేకపోయినా ఉంటాయి. కోపం చేసేదల్లా వెనుకాడే గుణాన్ని తీసివేయడం. కనుక హల్క్‌తో పోలిస్తే ఇతని కోపం చిన్నది, కాని బాధ్యత పెద్దది. హల్క్ చేసిన పనికి బానర్ తనను తాను వేరు చేసుకోగలడు. వుల్వరిన్‌కు ఆ వెసులుబాటు లేదు, రక్తం అంటిన చేయి అతనిదే. క్రిస్ క్లేర్‌మాంట్, ఫ్రాంక్ మిల్లర్‌లు 1982లో జపాన్ నేపథ్యంగా వెలువరించిన 4 సంచికల కథలో మనిషికీ మృగానికీ మధ్య పెనుగులాటే ఇతివృత్తం. లోపం ఒకటుంది. గాయాలు మానిపోయేవాడికి కోపం ఖరీదు ఒంటి మీద కనిపించదు. ఆ ఖరీదును మనసు మీద చూపించలేని రచయిత చేతిలో ఇతడు కేవలం కత్తుల మనిషి.

జెన్నిఫర్ వాల్టర్స్ సంగతి వేరు. స్టాన్ లీ, జాన్ బుసేమాలు 1980లో తెచ్చిన ఈ న్యాయవాది, అన్న వరసైన బానర్ రక్తం ఎక్కించుకుని షీ-హల్క్ అవుతుంది. కాలక్రమంలో ఆ రూపంలో కూడా ఆమె తెలివి చెక్కుచెదరదని స్థిరపడింది. బలంలో ఆమె హల్క్‌కు తక్కువని పాఠకులు సులువుగా తేల్చేస్తారు. ఆమె కథ అడిగే ప్రశ్న అది కాదు. 2022లో వచ్చిన టెలివిజన్ ధారావాహికలో, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం ఎలాగో నేర్పబోయిన బానర్‌తో, ఆడదానిగా ఆ పని తాను రోజూ చేస్తూనే ఉన్నానని ఆమె వాదిస్తుంది. కోపపడటం కూడా ఒక అధికారమే, అది అందరికీ సమానంగా దక్కదన్న సత్యాన్ని ఈ పాత్ర బయటపెట్టింది. కాని కోపం పూర్తిగా వశమయ్యాక రౌద్రం సన్నగిల్లి, కథలు హాస్యం వైపు ఒరిగాయన్నది కూడా ఒప్పుకోవాలి.

చివరగా రెడ్ లాంటర్న్‌లు. జెఫ్ జాన్స్, ఈథన్ వాన్ స్కైవర్‌లు 2007లో తెచ్చిన ఈ దళానికి నాయకుడు, యంత్రసైనికుల చేతిలో తనవారిని పోగొట్టుకున్న అట్రోసిటస్. ఎర్ర ఉంగరం తొడిగినవారికి గుండె చేసే పని ఉంగరమే చేస్తుంది. ఉంగరం తీస్తే ప్రాణం పోతుంది. నోటి వెంట నిప్పులాంటి నెత్తురు వెళ్ళగక్కుతారు. రౌద్రానికి భరతుడు చెప్పిన వర్ణం కూడా ఎరుపే. ఇది కాకతాళీయమే అయినా మన విద్యార్థికి ముచ్చటగా ఉంటుంది. కోపం ఖరీదును ఇంత స్పష్టంగా చెప్పిన కల్పన ఈ నాలుగింటిలో మరొకటి లేదు. కోపం మనిషికి ఆయుధంగా మొదలై ప్రాణాధారంగా మారిపోతే, ఇక శాంతించడమంటే చావడమే. బలహీనత కూడా అక్కడే ఉంది. అందరిదీ ఒకే కోపమైతే పాత్రల మధ్య తేడా చెరిగిపోతుంది. పీటర్ మిల్లిగన్ 2011లో మొదలుపెట్టిన కథల్లో బ్లీజ్‌కు బుద్ధి తిరిగి వచ్చాకే, ఆమె నాయకుణ్ణి ఎదిరించాకే దళానికి జీవం వచ్చింది. ఈ దళంలో డెక్స్-స్టార్ అనే పిల్లి ఒకటి ఉంది. తనను చేరదీసిన స్త్రీ హత్యకు గురైందన్నదే దాని కోపం. అంత చిన్న కథలో ఉన్న కరుణ నాయకుడి ప్రతిజ్ఞలన్నిటిలోనూ లేదు.

ఇక్కడ తిక్కన విరాటపర్వం గుర్తుకు రాక తప్పదు. కీచకుడు నిండు సభలో ద్రౌపదిని అవమానిస్తే, వంటవాడి వేషంలో ఉన్న భీముడు చెట్టు వంక చూస్తాడు. ధర్మరాజు వంటచెరకు నెపంతో అతన్ని వారిస్తాడు. భీముడు చెట్టు పీకలేదు. ఆ క్షణంలో రౌద్రం తగ్గిందా? పీకిన చెట్టు కంటే పీకని చెట్టే ఎక్కువ భయపెడుతుంది. ఆపుకున్న కోపానికి గురి తెలుసు, అది సరిగ్గా కీచకుణ్ణే చేరింది. న్యూయార్క్‌ను నేలమట్టం చేసిన హల్క్‌కు లేనిది ఆ గురే.

ఇక మా తీర్పు. బలం మాటకొస్తే హల్క్, బాధ్యత మాటకొస్తే వుల్వరిన్, వివేకం మాటకొస్తే షీ-హల్క్, కోపానికి మూల్యం చూపడంలో రెడ్ లాంటర్న్‌లు మిన్న. పాత్రగా పైచేయి మాత్రం హల్క్‌దే. అందుకు కారణం కండబలం కాదు, మిగిలినవారి కంటే అతని రౌద్రం కరుణకు దగ్గరగా ఉండటం. ఈ విషయం మీద వ్యాసం రాయదలచిన విద్యార్థులు ఎవరు గెలిచారన్నది ఒక్క వాక్యంలో ముగించి, ఆ కోపం ఎవరిది, ఎవరి మీద, దాని ఖరీదు ఎవరు చెల్లించారు అని అడిగితే చాలు. కామిక్స్‌కైనా కావ్యానికైనా ఆ ప్రశ్నలు సరిపోతాయి.