బిళ్లలో చిక్కిన పుప్పొడి

పట్టీకి 12 బిళ్లలు, బిళ్లకు 50 మిల్లీగ్రాముల ఆర్టిసునేట్. పట్టీ మీద గోరంత మెరుపు స్టిక్కరు ఉంటుంది. వెలుతురులో అటూ ఇటూ తిప్పితే అందులో కొండలు, కొండల కింద నీళ్లు కదిలినట్టు కనిపిస్తాయి. దక్షిణ చైనాలోని గ్విలిన్ అనే ఊరు అలాంటి కొండలకే పేరు పొందింది. మందు చేసే కంపెనీకి కూడా ఊరి పేరే పెట్టారు: గ్విలిన్ ఫార్మాస్యూటికల్. ఈ శతాబ్దం మొదట్లో లావోస్, కంబోడియా, వియత్నాం, మయన్మార్ అడవి పల్లెల్లో చలిజ్వరంతో వణికే మనిషికి, చావుకు మధ్య ఈ పట్టీయే అడ్డుగా నిలిచేది. అది అసలుదైతేనే.

ఆ పట్టీకి నకిలీలు తయారుచేసినవాళ్ల జాడ ఎలా తీశారో చెప్పే పరిశోధన వ్యాసం ఒకటి 2008 ఫిబ్రవరిలో ప్లాస్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. డాక్టర్లు, రసాయన శాస్త్రజ్ఞులు, పుప్పొడి నిపుణులు, పోలీసులు కలిసి చేసిన పని అది. నగిషీ చెక్కిన గుడి స్తంభం చుట్టూ తిరిగి చూసినట్టు ఈ వ్యాసాన్ని నేను చాలాసార్లు చదివాను. ఎక్కడ ఏ ఉలి దెబ్బ పడిందో కనిపిస్తుంది. ఎక్కడ ఆగాలో ఆ చేతికి తెలిసిన సంగతీ కనిపిస్తుంది.

మలేరియా మనకు పరాయి జబ్బేమీ కాదు. దోమ కడుపులో ఆ పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. బేగంపేటలో ఆయన పని చేసిన భవనం ఇప్పటికీ ఉంది. పాడేరు, భద్రాచలం మన్యాల్లో వానాకాలం వస్తే చలిజ్వరం ఎలా పాకుతుందో అక్కడి వాళ్లను అడగండి. ఫాల్సిపేరం రకం మలేరియాకు మన దేశంలో ఎక్కువ చోట్ల ఇచ్చే మందుల జోడీలో ఒకటి ఈ ఆర్టిసునేటే. మాచిపత్రి జాతికి చెందిన ఒక చైనా మొక్క నుంచి దీని మూలద్రవ్యాన్ని వెలికితీసిన తూ యూయూకి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అలాంటి మందుకు నకిలీ అంటే గడియారానికో చెప్పులకో నకిలీ చేయడం లాంటిది కాదు.

2001లో లాన్సెట్ పత్రికలో ఒక లెక్క వచ్చింది. ఆగ్నేయాసియా దేశాల దుకాణాల్లో ఆర్టిసునేట్ అని కొన్న 104 నమూనాల్లో 38 శాతంలో అసలు మందే లేదు. 2004లో వచ్చిన మరో లెక్కలో 188 పట్టీల్లో 53 శాతం అలాంటివే. 2005లో తూర్పు మయన్మార్‌లో 23 ఏళ్ల కుర్రాడు మామూలు ఫాల్సిపేరం జ్వరంతో ఆస్పత్రికి వచ్చాడు. ముదరని జ్వరం, సమయానికి పడిన మందు. బతకాల్సినవాడు చనిపోయాడు. అతనికి ఇచ్చిన బిళ్లలో 50 మిల్లీగ్రాములు ఉండాల్సిన చోట 10 మాత్రమే ఉన్నాయి. మిగిలినదంతా చాలావరకు పారాసెటమాల్. పారాసెటమాల్ వేయడంలో కూడా లెక్క ఉంది. జ్వరం కాస్త దిగుతుంది, ఒళ్లు నొప్పులు తగ్గుతాయి. మందు పని చేస్తోందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. లోపల పరాన్నజీవి తన పని తాను చేసుకుపోతుంది.

ఇలాంటప్పుడు కంపెనీలు సాధారణంగా నోరు విప్పవు. తమ పేరుతో నకిలీలు తిరుగుతున్నాయని చాటితే అసలు సరుకు కొనేవాడు కూడా వెనక్కి తగ్గుతాడని భయం. ప్రభుత్వాలకు వేరే భయాలుంటాయి. ఈ మౌనం ప్రాణాలు తీస్తోందని, పరిశ్రమా ప్రభుత్వాలూ జనానికి చెప్పి తీరాలని వాదిస్తూ 2005లో అదే ప్లాస్ మెడిసిన్‌లో ఒక వ్యాసం వచ్చింది. రాసినవాళ్లలో పాల్ న్యూటన్ ఒకరు. లావోస్ రాజధాని వియెంటియాన్‌లోని మహోసోత్ ఆస్పత్రిలో ఉండి పని చేసిన ఆంగ్ల వైద్యుడాయన. రోగి మంచం పక్క నిలబడినవాడికి వచ్చే కోపం ఆ వాదనలో ఉంది. ఆ కోపాన్ని ఆయన ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. 2005 మేలో మనీలాలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ పశ్చిమ పసిఫిక్ కార్యాలయంలో, పత్రికలకు తెలియకుండా ఒక సమావేశం జరిగింది. అంతర్జాతీయ పోలీసు సంస్థ ఇంటర్‌పోల్ మనుషులు, డాక్టర్లు, ప్రయోగశాలలవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆపరేషన్ జూపిటర్ అనే పేరు వినిపించేది ఈ పనికే.

వాళ్ల ముందుకు చేరినవి 391 నమూనాలు. మయన్మార్ నుంచి 137, లావోస్ నుంచి 115, వియత్నాం నుంచి 75, కంబోడియా నుంచి 48, థాయ్‌లాండ్-మయన్మార్ సరిహద్దు నుంచి 16. వీటిలో 195 నకిలీవని చివరికి తేలింది, అంటే దాదాపు సగం. ఇక్కడే పనితనం మొదటి మెట్టు కనిపిస్తుంది. ఒక బిళ్లను నీళ్లలో కరిగించి పరీక్షిస్తే ఇక ఆ బిళ్ల ఉండదు. రసాయన పరీక్షకు ఎంత, ఖనిజ పరీక్షకు ఎంత, పుప్పొడి వెతకడానికి ఎంత, రేపు కోర్టులో చూపించడానికి ఎంత అని ముందే లెక్కగా విడదీయాలి. ఏ పట్టీ ఏ దుకాణంలో ఏ తేదీన దొరికిందో, ఏ చేతి నుంచి ఏ చేతికి మారిందో రాసి పెట్టాలి. మన పోలీసులు పంచనామా అంటారే, అదే ఇది. కాకపోతే ఈ పంచనామా ఖండాలు దాటి అమెరికాకు, ఆస్ట్రేలియాకు, న్యూజిలాండ్‌కు ప్రయాణించింది.

మొదట కళ్లతో చూశారు. అసలు పట్టీని పక్కన పెట్టుకోకుండా నకిలీని నకిలీ అనలేం. తన సరుకు ఎలా ఉంటుందో తయారీదారుకు తెలిసినంతగా పోలీసుకు తెలియదు: అక్షరం వంపు, సిరా రంగు, అంచు కోత, బ్యాచ్ నంబరు అచ్చు వేసే తీరు. నకిలీగాళ్లు మొదట్లో కొండల బొమ్మను మామూలు స్టిక్కరులా అచ్చేసి అంటించారు. తిప్పితే ఏమీ కదలదు. తర్వాత తిప్పితే బొమ్మ కదిలే నిజమైన హోలోగ్రాములే చేయడం నేర్చుకున్నారు. అసలు స్టిక్కరులో భూతద్దం పెడితే తప్ప కనిపించని సన్నని అక్షరాలున్నాయని తెలిశాక వాటిని కూడా దింపేశారు. పరిశోధకులు ఈ నకిలీ స్టిక్కర్లను వంశవృక్షం గీసినట్టు రకాలుగా విడదీశారు. పదికి పైగా రకాలు తేలాయి. ఏ రకం ఏ దేశంలో దొరుకుతోందో పటం మీద పెట్టి చూస్తే ఇది ఒక్క దుకాణదారుడి కక్కుర్తి కాదని, ఎక్కడో అచ్చు యంత్రాలు, సరఫరా దారులు ఉన్న వ్యాపారమని అర్థమైంది. నాకు ఈ భాగం చాలా ఇష్టం. చేనేత చీరను మరమగ్గం చీరతో పక్కపక్కన పెట్టి, తిరగేసి, అంచు దగ్గర దారం లాగి చూసే పెద్దవాళ్ల చూపు ఇందులో ఉంది.

తర్వాత రసాయనం. అట్లాంటాలోని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ శాస్త్రజ్ఞుడు మైఖేల్ గ్రీన్ అంతకుముందే ఒక చవక పరీక్ష రూపొందించి ఉంచారు. ఫాస్ట్ రెడ్ అనే రంగుద్రవ్యం కలిపితే నిజమైన ఆర్టిసునేట్ పసుపు రంగుకు తిరుగుతుంది, నకిలీ తిరగదు. పల్లె ఆస్పత్రిలో కూడా చేసుకోవచ్చు. ఆ పరీక్షను దాటడానికేనేమో, కొన్ని నకిలీల్లో చిటికెడు అసలు మందు కలిపారు. ఇది పూర్తిగా లేకపోవడం కన్నా ప్రమాదం. కొద్ది మోతాదులో తగిలిన మందు పరాన్నజీవిని చంపదు, మందును తట్టుకోవడం దానికి నేర్పుతుంది. అందుకే రంగు పరీక్షతో ఆగక పెద్ద యంత్రాల దగ్గరికి వెళ్లారు. అప్పుడు బయటపడిన వస్తువుల జాబితా చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. పారాసెటమాల్ సరే. చాలా దేశాలు నిషేధించిన మెటామిజోల్ ఉంది. మన ఇళ్లలో అనాల్జిన్ అని పిలిచినది అదే. శాఫ్రోల్ కూడా ఉంది. క్యాన్సర్ కలిగించే పదార్థం, పైగా ఎక్స్‌టసీ అనే మత్తుమందు తయారీకి ముడిసరుకు. మలేరియా బిళ్లలో దానికేం పని? మత్తుమందు చేసే చోటనో, ఆ సరుకు తిరిగే చేతుల మధ్యనో ఈ బిళ్లలూ తయారవుతున్నాయేమో అన్న అనుమానానికి అది దారి చూపింది. పెట్టెల తీరు, లోపలి సరుకు కలిపి చూస్తే నకిలీలు కనీసం రెండు గుంపులని తేలింది. వేర్వేరు ప్రాంతాలకు వేర్వేరు గుంపుల సరుకు వెళ్తోంది.

ఇక పుప్పొడి. ఈ కథలో నన్ను కట్టిపడేసింది ఇదే.

మొక్కజొన్న పూతకొచ్చినప్పుడు చేలో నడిచి వస్తే చొక్కా మీద పసుపు పొడి అంటుకుంటుంది. దులుపుకుంటాం, పోయిందనుకుంటాం. పోదు. పుప్పొడి రేణువు పై పెంకు ఎంత గట్టిదంటే, ఘాటైన ఆమ్లంలో వేసినా కరగదు. లక్షల ఏళ్ల నాటి రాళ్లలో కూడా చెక్కుచెదరకుండా దొరుకుతుంది. ఆ పెంకు మీది గీతలు, ముళ్లు, రంధ్రాలు చూసి ఇది ఏ జాతి చెట్టుదో చెప్పగలిగేవాళ్లు ప్రపంచంలో కొద్దిమందే. అలాంటివాళ్లలో న్యూజిలాండ్ నిపుణుడు డల్లాస్ మిల్డెన్‌హాల్ ఒకరు. రాతి పొరల వయసు తేల్చడం ఆయన వృత్తి. నేర పరిశోధనలో పోలీసులకు సాయం చేయడం దానికి తోడైంది.

బిళ్లల పిండి కలిపే చోట కిటికీ తెరిచి ఉంటుంది. బయటి గాలిలోని పుప్పొడి, బూజు రేణువులు, పొగ మసి పిండిలో పడతాయి. యంత్రం దాన్ని నొక్కి బిళ్ల చేస్తుంది. ఆ క్షణంలో ఆ ఊరి గాలి బిళ్లలో బందీ అయిపోతుంది. తయారుచేసినవాడికి ఆ సంగతి తెలియదు. తెలిసినా దాన్ని తీసేయలేడు. మిల్డెన్‌హాల్ బిళ్లను ఆమ్లంలో కరిగించి, మిగిలిన కొద్ది మడ్డిని సూక్ష్మదర్శిని కింద పెట్టి, గంటల తరబడి ఒక్కో రేణువునూ పేరు పెట్టి పిలిచారు. పైన్, ఫర్, ఆల్డర్, విల్లో, ఎల్మ్, గడ్డిజాతులు. వాల్‌నట్ కుటుంబానికి చెందిన వింగ్‌నట్ అనే చెట్టు పుప్పొడి కూడా. ఒక్కో రేణువు విడిగా ఏమీ చెప్పదు. పైన్ చెట్టు ఎక్కడైనా ఉంటుంది. కానీ ఇవన్నీ పక్కపక్కన పెరిగే నేల ఎక్కడుంది? చైనా దక్షిణపు అంచు, సరిహద్దు వైపు. మసి ఎక్కువగా ఉండటం వల్ల అది పొగ నిండిన చోటని కూడా తెలిసింది. ఎన్నడూ ఆ గడప తొక్కని మనిషి, వేల మైళ్ల దూరంలో కూర్చుని, ఆ గదికి కిటికీలోంచి ఏ గాలి వీచిందో చెప్పగలిగాడు.

పుప్పొడి చెప్పినదాన్ని రాయి బలపరిచింది. బిళ్ల బరువు కోసం కలిపిన సుద్ద లాంటి ఖనిజం కాల్సైట్. భూగర్భంలోని వేడి నీళ్ల వల్ల ఏర్పడే ఒక రకం కాల్సైట్ కొన్ని నకిలీల్లో దొరికింది. దాని పరమాణువుల తీరు చూస్తే, దక్షిణ చైనాలో దొరికే రకంతో సరిపోయింది. ఒక సాక్షి మాట నమ్మకపోవచ్చు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు సాక్షులు, చెట్టూ రాయీ, ఒకే వైపు వేలు చూపిస్తే ఏమనాలి?

ఇంత పట్టుకున్నా వ్యాసకర్తలు వాడిన మాట చూడండి. కనీసం కొన్ని నకిలీలు చైనా ఆగ్నేయ ప్రాంతంలో తయారయ్యాయని ఆధారాలు సూచిస్తున్నాయి, అంతే. అన్నీ అనలేదు. నిరూపణ అయిందనలేదు. చేతిలో ఉన్న సాక్ష్యం ఎంత బరువు మోయగలదో అంతే మోపారు. ఒక దేశాన్ని వేలెత్తి చూపే చోట ఈ నిగ్రహం చాలా పని చేసింది. ఆరోపణతో కాక ఆధారాలతో ఇంటర్‌పోల్ వెళ్లినందువల్లే చైనా ప్రజా భద్రతా మంత్రిత్వ శాఖ త్వరగా కదిలిందని నేననుకుంటాను. 2006లో యునాన్ రాష్ట్రంలో అరెస్టు జరిగింది, సరుకు పట్టుబడింది. పోలీసులకు ఆధారాలు అందింది ముందు. పత్రికలో వ్యాసం వచ్చింది తర్వాత. శాస్త్రజ్ఞుడికి తన ఫలితం అచ్చులో చూసుకోవాలని ఎంత ఆత్రంగా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ వాయిదా విలువ తెలుస్తుంది.

ఆ కేసులోని వ్యక్తి 2,40,000 నకిలీ పట్టీలు చేతులు మార్చాడని ఆరోపణ. పోలీసులకు దొరికింది అందులో పదో వంతు. ఒక పట్టీ దాదాపు వయసొచ్చిన ఒక మనిషికి పూర్తి చికిత్స. అంటే 2 లక్షలకు పైగా పట్టీలు అప్పటికే దుకాణాలకు, సంచులకు, నోళ్లకు చేరిపోయాయి. వ్యాసం ఈ అంకెను దాచలేదు. విజయం చెప్పిన ఊపిరితోనే ఓటమి కూడా చెప్పింది. ఆ నిజాయితీ కూడా పనితనంలో భాగమే.

అలా కలిసి పని చేసే దారి మూసుకుపోలేదు. 2008లో ఇంటర్‌పోల్, ఆరోగ్య సంస్థలు, ఆ ప్రాంతపు పోలీసులు కలిసి ఆపరేషన్ స్టార్మ్ నడిపారు. 200 దాకా దాడులు, 33 అరెస్టులు, కోటీ 60 లక్షలకు పైగా బిళ్లలు స్వాధీనం. మన దేశంలో 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 మందుల బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఫోన్‌తో కోడ్ చూస్తే తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు కనిపిస్తాయి. మెడికల్ షాపులో ఆ పని చేస్తున్నవాళ్లు నాకు ఇంకా ఎక్కువమంది కనిపించలేదు.

2008 నాటి ఆ వ్యాసంలో ఒక పుట దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. అక్కడ మాటలు తక్కువ. అసలు హోలోగ్రాం ఒకటి, దాని పక్కన నకిలీలు వరసగా, పెద్దవిగా చేసిన ఫోటోలు. ఎవరైనా డబ్బు కట్టకుండా చదివే పత్రిక కాబట్టి ఆ పుటను ఎవరైనా అచ్చు తీసుకోవచ్చు. ఏ అడవి పల్లె ఆస్పత్రిలోనో ఒక నర్సు ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి, కొత్తగా వచ్చిన పట్టీని దాని పక్కన పెట్టి, కిటికీ వైపు తిప్పి, కొండల కింద నీళ్లు కదులుతున్నాయో లేదో చూడొచ్చు.