గుండె పటముతో కంపవాత నిర్ణయము – ఒక విమర్శ

పార్కిన్సన్ వ్యాధి మెదడుకు సంబంధించినది. దానిని నిర్ణయించుటకు గుండెను పటము తీయుట వింతగా తోచవచ్చును. కాని ఈ పద్ధతికి బలమైన ఆధారమే కలదు. దాని గుణదోషములను విచారింతము.

చేతులు వణకుట, కదలికలు మందగించుట, కండరములు బిగియుట అను లక్షణములు రెండు దారుల రావచ్చును. పార్కిన్సన్ వ్యాధిలో డోపమిన్‌ను తయారుచేయు నాడీకణములు క్రమముగా నశించును. మందులవలన వచ్చు కంపములో ఆ కణములు చెడవు. మానసిక రోగములకు వాడు హాలోపెరిడాల్, వాంతులకు వాడు మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకు వాడు సినరిజిన్, కడుపు ఉబ్బరమునకు వాడు లెవోసల్పిరైడ్ వంటివి డోపమిన్ పనిని అడ్డగించును. మొదటిదానికి జీవితాంతము చికిత్స కావలెను. రెండవది, మందు ఆపినచో, చాలమందిలో వారములలోనో నెలలలోనో తగ్గును.

ఆత్రేయపురములో బోర్లించిన వేడి కుండపై పిండినీటి బట్టను ఒక్క ఊపున పరచి పూతరేకు తీయు స్త్రీకి చేయి మందగించినచో బ్రతుకుతెరువే పోవును. ఆమెకు వచ్చినది ఏ కంపమో తెలిసికొనుట కేవలము పండితచర్చ కాదు.

పార్కిన్సన్ వ్యాధి మెదడుతో ఆగదు. గుండెకు పోవు సహానుభూత నాడులను కూడ క్షీణింపజేయును. ఎం.ఐ.బి.జి. అను పదార్థమును ఈ నాడుల కొనలు లోనికి తీసికొనును. దానికి రేడియోధార్మికమైన అయొడిన్-123ను చేర్చి సూదిద్వారా ఎక్కింతురు. కొద్ది నిమిషములకు ఒకసారి, 3, 4 గంటలకు మరొకసారి గామా కెమేరాతో పటము తీయుదురు. నాడులు బాగున్నచో గుండె స్పష్టముగా కనిపించును, క్షీణించినచో మసకబారును. మందుల కంపములో సాధారణముగా గుండె స్పష్టముగనే యుండును. 2015లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణములు ఈ పరీక్షను పార్కిన్సన్ వ్యాధిని సమర్థించు సాక్ష్యములలో చేర్చినవి.

ఇక దోషములు. వ్యాధి తొలిదశలో పటము బాగుగనే యుండవచ్చును. మధుమేహము, గుండె జబ్బులు పార్కిన్సన్ వ్యాధి లేకున్నను పటమును మసకబరచును. మధుమేహము ఇంటింటా వినిపించు మన ప్రాంతమున ఇది చిన్న చిక్కు కాదు. మన సర్పగంధ వేరునుండి తీసిన రిసర్పిన్ మరింత విచిత్రమైనది. అది కంపమును పుట్టింపగలదు, ఎం.ఐ.బి.జి. నాడులలో నిలువకుండను చేయగలదు. అట్టిచోట మందు చేసిన పని వ్యాధి చేసినట్లు కనిపించును.

వేరొక సంగతి: మందు వాడుచున్న రోగి పటము మసకగా నున్నచో, లోపల దాగిన పార్కిన్సన్ వ్యాధిని ఆ మందు ముందుగా బయటపెట్టి యుండవచ్చును. అప్పుడు “మందా, వ్యాధియా?” అను ప్రశ్నకు “రెండును” అనునదే జవాబు. ఇట్టివారికి మందు ఆపినంత మాత్రమున సరిపోదు.

కావున ఈ పటము మంచి సాక్షి యేగాని న్యాయాధిపతి కాదు. అది నాడుల స్థితిని చెప్పును. రోగి ఏ మాత్ర మ్రింగెనో చెప్పదు. అయొడిన్-123 అర్ధజీవిత కాలము సుమారు 13 గంటలు మాత్రమే. సైక్లోట్రాన్‌లో తయారగు ఈ పదార్థము పల్లెకు సులభముగ అందునది కాదు. మాత్రల సంచి మాత్రము ప్రతి యింటను కలదు. గత సంవత్సరములో వాడిన మందులన్నిటిని వైద్యుని ముందుంచుటయే మొదటి పరీక్ష. అయితే మందును రోగి తనంతట తాను మానరాదు. ముఖ్యముగా మానసిక రోగపు మందులను హఠాత్తుగా ఆపుట ప్రమాదకరము. ఈ విచారణ ముగిసిన పిమ్మటను సందేహము మిగిలినచో, అప్పుడు గుండె పటమునకు నిజమైన విలువ కలుగును.