రెండో పేరు

పోయిన డిసెంబరులో డుంబ్రిగుడ వెళ్ళాను. పని నాది కాదు, మా పిన్ని కూతురిది. తను విశాఖలో ఉండి సికిల్ సెల్ రక్తహీనత మీద పిహెచ్.డి. చేస్తోంది. "ఊళ్ళు తిరగాలక్కా, తోడు రా" అంది. కథలూ నవలలూ చదివి డాక్టరేట్ తెచ్చుకున్న నేను, రక్తం గొట్టాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని జీపులో కూర్చున్నాను.

మూడు రోజులు తిరిగాం. నిజానికి మమ్మల్ని తిప్పింది అక్కడి ఆశా కార్యకర్త. ఏ ఇంటికి పొద్దున్నే వెళ్ళాలో, ఏ ఇంటివాళ్ళు సంత నుంచి తిరిగొచ్చాక వెళ్ళాలో ఆమెకే తెలుసు. మా చెల్లి తెలుగులో అడిగిన ప్రశ్నని ఆమె ఆదివాసీ ఒడియాలోకి మార్చేది. మార్చడమంటే అనువాదం ఒక్కటే కాదు. "మీ ఇంట్లో ఎవరికైనా తరచూ ఒళ్ళునొప్పులు, కామెర్లు వచ్చాయా" అన్న ప్రశ్నని పెళ్ళి కావాల్సిన పిల్ల ముందు ఎలా అడగాలో, ఎప్పుడు అడక్కూడదో కూడా ఆమే నిర్ణయించేది. తల్లి నుంచీ తండ్రి నుంచీ, ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తేనే బిడ్డకి ఈ జబ్బు వస్తుంది. కానీ ఊళ్ళో మాట పడేది మాత్రం ఆడపిల్లే. ఈ సంగతి ప్రశ్నావళి తయారుచేసిన వాళ్ళకి తట్టలేదు. ఆమెకి తెలుసు.

చివరి రోజు ఆమె మెల్లగా అంది: "రెండేళ్ళ కిందట కూడా ఎవరో వచ్చి రక్తం పట్టుకెళ్ళారు మేడం. ఆ రక్తం ఏటి సెప్పిందో మాకెవరూ సెప్పనేదు." చెల్లి తల దించుకుంది.

ఆ సాయంత్రం చాపరాయి దగ్గర బండల మీద కూర్చున్నప్పుడు తన దిగులు బయటపెట్టింది. మొదటి పత్రం పూర్తయింది. జీవవైద్య పత్రాల్లో సాధారణంగా మొదటి పేరు పని చేసినవాళ్ళదీ, చివరి పేరు ప్రయోగశాల నడిపేవాళ్ళదీ. ఆలోచన, ప్రయోగం, రాత తనవే అయినా తన పేరు రెండోది. మొదటి పేరు గల ఆయన కొన్ని లెక్కలు చూసిపెట్టారు; ఆయనకి ప్రమోషన్ కోసం పత్రం కావాలట. "గైడ్ గారిని అడిగావా?" అన్నాను. "ఎలా అడుగుతానక్కా? ఎల్లాప్రగడ సుబ్బారావు గారికే తప్పలేదు. నేనెంత?"

ఆ మాట నన్ను వదల్లేదు. ఒక మహాశాస్త్రవేత్త జీవితకథ, ఆయన పోయిన డెబ్బై ఏళ్ళకు పైగా గడిచాక, ఒక ఆడపిల్ల తన నోరు తనే మూసుకోవడానికి ఎలా పనికొచ్చింది? ఇది సైన్సు వాళ్ళు మాత్రమే అడగాల్సిన ప్రశ్న కాదనిపించింది. కథ ఎలా చెప్పారన్నదే సమస్య అయినప్పుడు అది మనం, సాహిత్యం చదివేవాళ్ళం, అడగాల్సిన ప్రశ్న కూడా.

సుబ్బారావు కథ మనం ఎలా చెప్పుకుంటాం? 1895లో భీమవరంలో పుట్టాడు. పేదరికం. తల్లి వెంకమ్మ పట్టుదల. మద్రాసులో వైద్యవిద్య. 1920లలో అమెరికా ప్రయాణం. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం, పగలు హార్వర్డులో చదువు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఫోలిక్ యాసిడ్, బోదకాలుకి హెట్రజాన్, కాన్సర్ మందులు. 1948లో, యాభై మూడేళ్ళకే మరణం. నోబెల్ రాలేదు, లోకం గుర్తించలేదు. పాఠ్యపుస్తకాల్లోనూ ఆదివారం అనుబంధాల్లోనూ నేను చదువుకున్న కథ ఇదే. ఎస్.పి.కె. గుప్తా 1987లో తెచ్చిన ఇంగ్లీషు జీవితచరిత్ర 'ఇన్ క్వెస్ట్ ఆఫ్ పనాసియా' ఆయన విజయాలతో పాటు వైఫల్యాలనీ పట్టించుకుంది. మన చేతికొచ్చే పొట్టి కథల్లో మాత్రం మిగిలింది ఒంటరి మేధావి, ఆయన దురదృష్టం.

ఈ కథనంలో నాకు రెండు లోపాలు కనిపిస్తున్నాయి. మొదటిది, మనుషులు చేసిన పనిని విధి ఖాతాలో వేయడం. హార్వర్డులో ఆయన సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశాడు. రక్తంలో భాస్వరాన్ని కొలవడానికి 1925లో వాళ్ళు ప్రకటించిన పద్ధతిని ఈనాటికీ 'ఫిస్కే-సుబ్బారావు పద్ధతి' అంటారు. అక్కడా రెండో పేరే. కండరాలకి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ని గుర్తించిందీ ఈ జంటే. ఆ తర్వాత సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి వెలుగు చూడలేదని, అసూయ వల్ల ఫిస్కే వాటిని బయటికి రానివ్వలేదని, కొన్నిటిని ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనుక్కోవాల్సి వచ్చిందని జార్జ్ హిచింగ్స్ అన్నాడు. ఆయన అదే ఫిస్కే దగ్గర చదువుకుని 1933లో పిహెచ్.డి. తీసుకున్నవాడు. ఇందులో విధి ఏముంది? చేతిలో అధికారం ఉన్న గురువు, చేతిలో వీసా కాగితం తప్ప ఏమీ లేని శిష్యుడు. 'దురదృష్టం' అన్నామంటే గురువుని అడగాల్సిన ప్రశ్న అడగకుండా వదిలేశామన్నమాట.

రెండో లోపం మనకి బాగా పరిచయమైనదే. ఈ కథలో ఆడవాళ్ళు త్యాగం చేయడానికే వస్తారు. భార్య శేషగిరి ఒక వాక్యంలో వచ్చి పోతుంది. ఆమె ఇక్కడే ఉండిపోయింది, పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు, భర్త తిరిగి రాలేదు. ఆమె వైపు నుంచి ఆ పాతికేళ్ళని ఎవరం ఊహించుకోలేదు. ఇక ప్రయోగశాలలో ఆడవాళ్ళైతే లేనేలేరు. ల్యూకీమియా పిల్లల మీద 1948లో సిడ్నీ ఫార్బర్ ఫలితాలు ప్రకటించిన అమినోప్టెరిన్ లెడర్లీలోనే తయారైంది. దాని గురించిన 1947 నాటి రసాయనశాస్త్ర పత్రంలో మొదటి పేరు డోరిస్ సీగర్. ఈ పేరు నేను ఏ తెలుగు వ్యాసంలోనూ చూడలేదు.

ఇప్పుడు హిచింగ్స్ దగ్గరికి వస్తాను. అన్యాయాన్ని దగ్గర నుంచి చూసిన ఆ శిష్యుడు తను గురువయ్యాక ఏం చేశాడన్నది మనం చెప్పుకోని సగం కథ. 1944లో ఆయన గెర్ట్రూడ్ ఇలియన్ అనే ఇరవై ఆరేళ్ళ అమ్మాయిని సహాయకురాలిగా తీసుకున్నాడు. ఆమె 1937లో కెమిస్ట్రీలో డిగ్రీ తీసుకుంది. ఆడపిల్ల అనే కారణంగా పరిశోధనకి ఆర్థిక సాయమూ దొరకలేదు, ల్యాబు ఉద్యోగమూ దొరకలేదు. యుద్ధంలోకి మగవాళ్ళు వెళ్ళడంతో తలుపులు కొంచెం తెరుచుకున్నాయి. పిహెచ్.డి. మొదలుపెట్టింది గానీ, ఉద్యోగం మానేసి పూర్తికాలం చదవాలంటే వదిలేసింది. నోబెల్ సంస్థ కోసం రాసుకున్న స్వపరిచయంలో ఆమె హిచింగ్స్ గురించి చెప్పింది చాలా మామూలుగా ఉంటుంది: నేర్చుకోగలిగినంత వేగంగా నేర్చుకోనిచ్చాడు, బాధ్యతలు పెంచుతూ పోయాడు. అంతే. 6-మెర్కాప్టోప్యూరిన్ తయారీని వివరించిన 1952 పత్రంలో మొదటి పేరు ఇలియన్, చివరి పేరు హిచింగ్స్. 1988లో నోబెల్ ఇద్దరికీ, జేమ్స్ బ్లాక్‌తో కలిపి వచ్చింది.

ఫిస్కేని చూసి హిచింగ్స్ పాఠం నేర్చుకున్నాడని నేను నిరూపించలేను. ఇది నా చదువు మాత్రమే. పైగా ఇది అద్దంలాంటి కథేమీ కాదు. ఇలియన్‌కి సొంత విభాగం దక్కింది 1967లో, అంటే చేరిన ఇరవై మూడేళ్ళకి. అయినా ఒక సంగతి మాత్రం తేలుతుంది. ఒకే ప్రయోగశాల నుంచి రెండు దారులు వచ్చాయి. శిష్యుడి పేరుని తొక్కిపెట్టడం ఆ కాలపు రివాజు కాదు, ఒక మనిషి ఎంచుకున్న పద్ధతి. ఇంకో మనిషి ఇంకోలా ఎంచుకున్నాడు.

ఈ రెండు దారులూ చివరికి ఎక్కడ కలిశాయో చూడండి. అమినోప్టెరిన్‌కి తోబుట్టువైన మెథోట్రెక్సేట్ సుబ్బారావు బృందం నుంచి వచ్చింది. 6-మెర్కాప్టోప్యూరిన్ ఇలియన్ చేతుల మీదుగా వచ్చింది. రక్తకాన్సర్ నుంచి కోలుకుంటున్న పిల్లలకి ఈ రెండు మందుల్నీ కలిపి నెలల తరబడి ఇస్తున్నారు, ఇవాళ్టికీ. ఇద్దరు రెండో పేరువాళ్ళ పని ఒకే పిల్ల ఒంట్లో పక్కపక్కన పనిచేస్తోంది. మా చెల్లికి ఎవరూ చెప్పని కథ ఇది.

డుంబ్రిగుడ దగ్గర ఆడపిల్లల హాస్టల్లో వారానికోసారి మింగే నీలం మాత్రలో ఐరన్‌తో పాటు ఉన్నది ఫోలిక్ యాసిడే. సికిల్ సెల్ ఉన్నవాళ్ళకీ ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. దాన్ని మనం సుబ్బారావు ఖాతాలో వేసి గర్వపడతాం. కానీ ఆ దారిలో మొదటి అడుగు లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలిది. 1928లో బొంబాయి వచ్చి, గర్భిణుల్లో, ముఖ్యంగా మిల్లు కార్మిక స్త్రీలలో, రక్తహీనతని పరిశీలించింది. ఈస్టు సారంతో అది తగ్గుతోందని 1931లో ప్రకటించింది. ఆ సారంలోని పదార్థమే ఫోలిక్ యాసిడని తర్వాత తేలింది. విల్స్ పేరైనా పుస్తకాల్లో ఉంది. రక్తం ఇచ్చిన ఆ మిల్లు స్త్రీల పేర్లు ఎక్కడున్నాయి?

అక్కడే ఆశా కార్యకర్త మాట మళ్ళీ గుర్తొచ్చింది. మా చెల్లి రెండో పేరు గురించి బాధపడుతోంది, న్యాయమే. కానీ తన పత్రం చివర కృతజ్ఞతల్లో "స్థానిక ఆరోగ్య సిబ్బందికి" అని రాసి ఊరుకుంది. ఫిస్కే ప్రయోగశాల హార్వర్డులోనే ఉండక్కర్లేదు. మనకి కాస్త చోటు దొరగ్గానే మన కింద ఒకటి తయారవుతుంది. 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం గడువు 2047. అంటే ఈ కొండల్లో ఇంకా చాలా రక్తం తీస్తారు, చాలా పత్రాలు రాస్తారు. తలుపు తట్టిన మనిషి, భాష కలిపిన మనిషి 'సిబ్బంది'గానే మిగిలిపోతే మనం సుబ్బారావు కోసం కార్చిన కన్నీళ్ళకి అర్థం లేదు.

తిరిగొచ్చాక చెల్లికి ఇలియన్ కథ చెప్పాను. తను వారం రోజులు ఆలోచించింది. ల్యాబులో తనతో పాటు ఉన్న నలుగురు అమ్మాయిలతో మాట్లాడింది. ఏ రోజు ఎవరు ఏం చేశారో రాసి సంతకాలు పెట్టుకునే నోటుబుక్కు ఒకటి మొదలుపెట్టారు. ఆ తర్వాత గైడ్ గారికి ఉత్తరం రాసింది. ఆయన పది రోజులు మాట్లాడలేదు. తర్వాత మొదటి రెండు పేర్ల పక్కనా నక్షత్రం గుర్తు పెట్టి, ఇద్దరి కృషీ సమానమని కింద రాయడానికి ఒప్పుకున్నారు. "సమానం కాదు గదక్కా" అని ఏడ్చింది. కాదు. నేనూ అదే అన్నాను. కానీ అడిగింది.

కృతజ్ఞతల్లో ఆశా కార్యకర్త పేరు, ఆమె అనుమతి తీసుకుని, చేర్చారు. ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు, అది ఉండాల్సిన చోటు అది. ఏప్రిల్‌లో మళ్ళీ డుంబ్రిగుడ వెళ్తున్నాం. ఈసారి పెట్టెలో ఖాళీ గొట్టాలు లేవు. ఒక్కొక్కరికీ విడివిడిగా మడిచిన రిపోర్టు కాగితాలున్నాయి. ఏది ఎవరి ముందు విప్పాలో ఆమెని అడిగే విప్పాలి.